నాలుగో శనివారం కచేరీ

శవం బోర్లా పడి ఉంది.

తల వెనక పగిలింది. పక్కన గునపం. చాచిన కుడిచేతికి జానెడు దూరంలో పాతకాలపు సన్నాయి. నల్లటి కర్ర, వెండి పట్టీలు.

1961 మే 13, శనివారం. టైము సాయంత్రం ఏడూ యాభై.

పోయినవాడు నందిపాలెం మ్యూజియం క్యూరేటర్ వేదాద్రి. నలభై రెండేళ్లు. బుద్ధుడి రాళ్ల గురించి తప్ప మరో మాట ఎరగని మనిషి. ఆ రాళ్ల మధ్యే, మ్యూజియం వెనక స్టోరు గదిలో, ఆయన ఆయువు తీరింది.

ముందుగా చూసింది అటెండర్ బుడాన్. చేతిలోని లాంతరు జారి పగిలింది. గావుకేక పెట్టాడు.

ఆ కేక బిల్డింగుకి ముందున్న తోటలో ఒక్కరికీ వినపడలేదు. అక్కడ మూడువందల మంది కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వేదిక మీద సిలార్ సాహెబ్ సన్నాయి తారస్థాయిలో ఉంది. పక్కన రెండు డోళ్లు. వేసవి శనివారాల్లో ఆ తోటలో కచేరీలు పెట్టడం ఇది నాలుగో ఏడు. ఈ ఏటికి ఇది నాలుగో శనివారం. ఎండ దిగాక ఆరింటికి మొదలు, తొమ్మిదింటికి మంగళం.

ఆ శనివారం మంగళం పాడలేదు. ఎనిమిదిన్నరకి సిలార్ సాహెబ్ చేతులకి బేడీలు పడ్డాయి.

*

ఆదివారం పొద్దున తొమ్మిదీ నలభై. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అంకమ్మరావు జీపు నందిపాలెం స్టేషన్ ముందు ఆగింది.

అంకమ్మరావుకి యాభై ఏళ్లు. మిరప రైతు కొడుకు. ఎండ పడదు, తొందర పడదు, తొందరపడే సబ్ ఇన్‌స్పెక్టర్లు అసలే పడరు. ఆయన ఖర్మకొద్దీ నందిపాలెం ఎస్సై రంగనాయకులు ఆ రకమే.

"కేసు తేలిపోయింది సార్" అన్నాడు రంగనాయకులు సెల్యూట్ కొట్టి. "ముద్దాయి లోపలున్నాడు. సాయంత్రం ఐదింటికి మేజిస్ట్రేటు గారింట్లో హాజరుపెట్టడమే."

వరండాలో ఒకావిడ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తెల్లవారుజాము నుంచీ అక్కడే ఉందట. సిలార్ భార్య జైనాబీ.

"అయ్యా!" అంది ముందుకొచ్చి. "మా ఆయన ఇంట్లో కట్టెలు కూడా కొట్టడు. వేళ్లు దెబ్బతింటే సన్నాయి పలకదని నేనే కొట్టుకుంటా. ఆ చేతుల్తో గునపం ఎత్తాడంటే ఎట్టా నమ్మేది?"

"ఐదింటి దాకా టైముందమ్మా" అన్నాడు అంకమ్మరావు.

"ఐదు దాటితే?"

అంకమ్మరావుకి తెలుసు. ఐదు దాటితే రిమాండు. తర్వాత సెషన్స్. గునపంతో తల పగలగొట్టిన కేసుకి ఉరి తప్ప మరో శిక్ష వేసిన జడ్జిని ఆయన ఈ జిల్లాలో చూడలేదు. ఆ సంగతి జైనాబీకీ తెలుసు. ఆమె కళ్లలోకి చూడలేక లోపలికి నడిచాడు.

సిలార్ లాకప్‌లో గోడవారగా కూర్చుని ఉన్నాడు. బక్కపల్చటి మనిషి. కచేరీ కోసం వేసుకున్న పట్టు లాల్చీ ఇంకా ఒంటి మీదే ఉంది.

"శుక్రవారం క్యూరేటరుతో గొడవపడ్డావా?"

"పడ్డానండీ. అబద్ధమెందుకు."

"దేనికి?"

"ఆ సన్నాయి మా తాతదండీ. అద్దాల బీరువాలో చీటీ తగిలించి పెట్టారు. మొన్న బీరువా అద్దం పగిలితే తీసి స్టోరు గదిలో పడేశారు. ఒక్కపూట ఊదుకుంటానయ్యా అంటే రూలు ఒప్పుకోదన్నాడు. కోపమొచ్చి నాలుగు మాటలన్నా."

"తర్వాత?"

"శనివారం పొద్దున ఆయనే మా ఇంటికొచ్చాడండీ. 'తప్పు నాదే సాహెబ్, సాయంత్రం ఊదు. డోళ్ల తని అయ్యేలోపల తెచ్చిస్తా' అన్నాడు."

"ఎవరు విన్నారు?"

"మా ఇంటిది విన్నది."

రంగనాయకులు పెదవి విరిచాడు. పెళ్లాం సాక్ష్యం!

"ఏడూ పదికి నువ్వు వేదిక దిగావు. డోళ్లవాళ్లిద్దరే, సన్నాయి లేకుండా, తని వాయించారు. ఏడూ ముప్ఫై అయిదుకి మళ్లీ ఎక్కావు. మధ్యలో ఎక్కడున్నావు?" అన్నాడు అంకమ్మరావు.

"తూర్పు గోడ దగ్గర పంపుందండీ. కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని, సాయంత్రం మగ్రిబ్ నమాజు చదువుకున్నా. ఏటా అంతే. నేనొచ్చేదాకా మా నాగూర్ వలి డోలు మీద తని సాగదీస్తాడు."

"ఎవరన్నా చూశారా?"

"అల్లా చూశాడండీ."

"ఆయనకి సమన్లు పంపడం మన వల్ల కాదులే" అని రంగనాయకులు నవ్వాడు. అంకమ్మరావు తలతిప్పి చూశాడు. ఆ నవ్వు అక్కడితో ఆగిపోయింది.

*

పదకొండూ పది. మ్యూజియం.

ఒకప్పుడు అది చెంచురామయ్య గారి బంగళా. ఆయన నలభై ఎనిమిదిలో కాశీ పోయి తిరిగి రాలేదు. సన్యాసం పుచ్చుకున్నాడని ఊళ్లో అందరికీ తెలిసిందే. ఆయన భార్య సుబ్బరావమ్మ తొమ్మిదేళ్లు చూసి, బంగళానీ తోటనీ బుద్ధుడి రాళ్లు పెట్టుకోమని సర్కారుకి రాసిచ్చేసింది. తను పక్క పెంకుటింట్లోకి మారింది. ఊరు ఆమెని చేతులెత్తి మొక్కింది.

అంకమ్మరావు ముందు స్టోరు గది చూశాడు. కొత్త గునపాలు అయిదు, పారలు ఆరు. నెత్తుటి గునపం తీసిన చోట ఖాళీ. సామాను పెట్టె మూత తెరిచే ఉంది. వేదాద్రి వంగి సన్నాయి తీసి ఇటు తిరిగే లోపు వెనకనుంచి పడింది దెబ్బ. ఒకే దెబ్బ.

"అరుపు వినపడలేదా?"

"డోళ్ల తని కదండీ. పక్కన పిడుగు పడ్డా వినపడదు" అన్నాడు బుడాన్.

ఆఫీసు గదిలో వస్తువులు బయటికిచ్చే రిజిస్టరు ఉంది. రంగనాయకులు దాన్ని తెరవను కూడా లేదు. శనివారం తేదీన, వేదాద్రి చేతిరాతలో ఒక వాక్యం. 'పాత సన్నాయి ఒకటి, ఈ సాయంత్రం వాయించుటకు సిలార్ సాహెబ్ గారికి.' కింద సంతకం.

"ముద్దాయి నిజమే చెప్పాడు" అన్నాడు అంకమ్మరావు.

"తెచ్చిస్తానన్నాక మళ్లీ మాటామాటా పెరిగిందేమో సార్" అన్నాడు రంగనాయకులు. వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

బల్ల మీద ఇంకో కాగితం. హైదరాబాదు నుంచి ఉత్తర్వు. తోట కింద పాత స్తూపం పునాది ఉండవచ్చు, సోమవారం పదిహేనో తేదీ నుంచి తవ్వండి, వేదిక తీయించండి, మిగతా కచేరీలు రద్దు చేయండి.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"శుక్రవారమే కచేరీల కమిటీవాళ్లకి చెప్పారండీ" అన్నాడు బుడాన్. "సెక్రటరీ బాపయ్య గారు బల్ల గుద్ది అరిచారు. సుబ్బరావమ్మ గారు మాత్రం నెమ్మదిగా అడిగారు. 'ఇప్పుడేం తొందరయ్యా, వానలు పడ్డాక తవ్వుకోరాదూ' అని. అయ్యగారు నవ్వి ఊరుకున్నారు."

"ఆయన తని టైములో స్టోరు గదికి వెళతాడని తెలిసినవాళ్లు?"

"ముందు వరసలో కూర్చున్న కమిటీవాళ్లందరికీ ఆయనే చెప్పారండీ. సాహెబ్‌కి తాత సన్నాయి తెచ్చిస్తానని సంబరపడ్డారు పాపం."

అంకమ్మరావు తోటలోకి వచ్చాడు. కుర్చీలు నిన్న ఎలా వదిలేశారో అలాగే ఉన్నాయి. కొన్ని తిరగబడి ఉన్నాయి. గాలి నిప్పులా ఉంది. కాకి కూడా లేదు. ఆ నిశ్శబ్దం ఆయనకి నచ్చలేదు.

నల్లరేగడి నేల. మే నెల ఎండకి నోరు తెరిచింది. గులాబీ మడుల చుట్టూ నెర్రెలు. అంకమ్మరావు ఒక నెర్రెలోకి లాఠీ దించాడు. మూరన్నర లోపలికి పోయింది. మొక్కలన్నీ మాడిపోయాయి.

వేదిక దగ్గరికి నడిచాడు. బూటు మెత్తగా దిగింది.

వంగి చూశాడు. వేదిక బల్లల కింద నేల తడిగా ఉంది. ఒక్క నెర్రె లేదు.

"ఇక్కడ నీళ్లు చల్లుతారా?"

"సుబ్బరావమ్మ గారు కూలి మనుషుల్ని పెట్టి రోజూ పోయిస్తారండీ. మార్చి నుంచి వానలు పడేదాకా. కచేరీకి చల్లగా ఉంటుందని."

"మొక్కలకి?"

"మొక్కలకి వద్దన్నారండీ. నీళ్లు చాలవని."

అంకమ్మరావు మాడిన మొక్కల వైపు, తడి నేల వైపు మార్చి మార్చి చూశాడు. ఎక్కడో లెక్క తప్పింది. అదేమిటో ఇంకా తెలియలేదు.

*

పన్నెండుంబావు. కమిటీ సెక్రటరీ బాపయ్య వచ్చాడు. మిరపకాయల కమిషన్ వ్యాపారి. భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ.

"నన్నెందుకు పిలిచారండీ? దొంగ దొరికాడుగా!"

"తని టైములో మీరు కుర్చీలో లేరు."

"గేటు దగ్గర సోడా తాగా. సోడాబండివాణ్ణి అడగండి. రెండు తాగా. ఏం, సోడా తాగితే కేసా?"

బండివాణ్ణి అప్పటికే అడిగారు. రెండు కాదు, మూడు తాగాడు. తని అయ్యేదాకా బండి దగ్గరే ఉన్నాడు.

"ఈ కచేరీలు ఎండాకాలంలోనే ఎందుకు పెడతారు? దసరాకి పెట్టుకోవచ్చుగా."

"నేనూ ఆ మాటే మొత్తుకున్నా. ఎండల్లో ఎవడొస్తాడమ్మా అని. సుబ్బరావమ్మ గారు వింటేగా! ఖర్చంతా ఆవిడదే, ఆవిడ మాటే శాసనం. వేదిక కూడా ఆవిడ చూపించిన చోటే. ఒక్క జానెడు జరగనివ్వదు."

"నిన్న ఇబ్బందేమన్నా వచ్చిందా కచేరీలో?"

"ఏముందండీ, పొగ. తోటకి పడమటి పక్క కాఫీ పొయ్యి పెట్టారు. గాలి అటునుంచే. మా ఆవిడ కళ్లు మంటలని గొణిగింది. అంతే. ఆ తర్వాత సుబ్బరావమ్మ గారు దిష్టి కూడా తీశారు. అయినా ఈ ఘోరం తప్పలేదు. ఎంత పాడుకళ్లో!"

"దిష్టా?"

"ఏడూ పదికి, సాహెబ్ దిగగానే. ఎండు మిరపకాయలూ ఉప్పూ గుప్పిట్లో పట్టుకుని వేదిక చుట్టూ మూడుసార్లు తిప్పారు. అందరం చూశాం. పొయ్యిలో వేసొస్తానని వెళ్లారు. ఏడూ నలభైకి వచ్చి మా ఆడవాళ్లతో అన్నారు, 'అమ్మో, ఎంత దిష్టే తల్లీ, అన్ని కాయలు నిప్పుల్లో వేస్తే ఒక్క తుమ్ము రాలేదు' అని. నా ఒళ్లు జలదరించిందనుకోండి."

అంకమ్మరావు తల ఊపాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ కూడా అంతే. మిరపకాయలు ఘాటు కొడితే దిష్టి లేనట్టు. కొట్టకపోతే ఉన్నట్టు. ఈ సీమలో పసిపిల్లకి కూడా తెలిసిన లెక్క.

*

ఒంటిగంట. సుబ్బరావమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. యాభై నాలుగేళ్లు. పొలాల్లో నిలబడి సేద్యం చేయించిన మనిషి. నుదుట రూపాయంత బొట్టు, చేతులకి మోచేతి దాకా గాజులు. కాశీలో భర్త క్షేమంగా ఉన్న ముత్తైదువ.

మజ్జిగ ఇచ్చింది. కరివేపాకు, అల్లం వేసిన చల్లటి మజ్జిగ.

"వేదాద్రి గారు నాకు తమ్ముడి లాంటివాడు" అంది. గొంతు వణకలేదు.

"సిలార్ చేసి ఉంటాడంటారా?"

"మంచివాడే. కోపం ముందు మంచేముంది నాయనా."

"దిష్టి తీసి పొయ్యి దగ్గరికే వెళ్లారా?"

"ఇంకెక్కడికి పోతాను? ఏడు కాయలు. తొడిమలు తీయకుండా మా ఇంట్లోంచే తెచ్చా. నిప్పుల్లో వేశా. ఘాటే లేదు. భయమేసింది. దేవుడికి దణ్ణం పెట్టుకుని అక్కడే కాసేపు కూర్చున్నా."

"బుడాన్ ఉన్నాడా అక్కడ?"

"లేడు. కాఫీ గ్లాసులు పట్టుకుని తోటలో తిరుగుతున్నాడు."

అంకమ్మరావు మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. వస్తుంటే వెనకనుంచి ఆమె అడిగింది. "రేపటి తవ్వకం ఆగిపోయినట్టేగా?"

"ఏమో అమ్మగారూ" అన్నాడు.

ఎండలోకి వచ్చాక ఆ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. తమ్ముడి లాంటివాడు చచ్చిపోయి ఇంకా ఒక రోజు కాలేదు.

రెండూ పది. మ్యూజియం వెనక, స్టోరు గదికి పది అడుగుల దూరంలో బావి. అంకమ్మరావుకి నాలిక పిడచకట్టింది. బుడాన్ చేద వేసి లాగాడు. చేదలో ఎర్రగా ఏదో తేలుతోంది.

ఎండు మిరపకాయ. నీళ్లకి ఉబ్బింది.

"ఇదేంటి?"

"ఏ కళ్లంలోంచో కాకి తెచ్చి పడేసి ఉంటదండీ" అన్నాడు బుడాన్ దాన్ని తీసి పారేయబోతూ. మిరపకాయల ఊళ్లో మిరపకాయ కనపడితే ఎవడు ఆశ్చర్యపోతాడు?

"ఆగు!"

అంకమ్మరావు బావిలోకి తొంగిచూశాడు. అడుగున నీళ్ల మీద ఇంకా కొన్ని ఎర్రటి చుక్కలు.

"మళ్లీ వెయ్యి చేద. అన్నీ పైకి రావాలి."

పావుగంట పట్టింది. మొత్తం ఏడు. ఏడింటికీ తొడిమలున్నాయి.

అంకమ్మరావు అరిచేతిలో వాటిని పెట్టుకుని చూశాడు. టైము చూసుకున్నాడు. రెండున్నర.

"బుడాన్! నిన్న సాయంత్రం నువ్వు పొయ్యి దగ్గరికి మళ్లీ ఎప్పుడొచ్చావు?"

"ఏడూ ముప్ఫైకండీ."

"అమ్మగారు ఉన్నారా?"

"లేదండీ. పని చూసుకుని వెళ్లారనుకున్నా."

"తుమ్మావా?"

"లేదండీ. అదేగదండీ దిష్టంటే."

*

నాలుగు గంటలు. తోటలో అందరూ కూర్చున్నారు. సుబ్బరావమ్మ, బాపయ్య, నాగూర్ వలి. బేడీలతో సిలార్. కాస్త దూరంలో జైనాబీ. ఆమె పదే పదే బంగళా గోడగడియారం వైపు చూస్తోంది. ఇంకా గంటే ఉంది.

గాలి నిన్నటిలాగే పడమటి నుంచి వీస్తోంది. కాఫీ పొయ్యి మళ్లీ రాజేయించాడు అంకమ్మరావు.

"బాపయ్య గారూ, మీ కొట్లోంచి కాయలు తెచ్చారా?"

"తెచ్చానండీ. ఏడు. ఎందుకో మీకే తెలియాలి."

"బుడాన్! నిప్పుల్లో వెయ్యి."

అర నిమిషం గడిచింది. ముందు రంగనాయకులు తుమ్మాడు. తర్వాత నాగూర్ వలి. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. బాపయ్య పంచె చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని శాపనార్థాలు మొదలెట్టాడు. బుడాన్ పొయ్యి దగ్గర నిలబడలేక కళ్లు నులుముకుంటూ పారిపోయాడు. సుబ్బరావమ్మ కూడా దగ్గింది.

దగ్గులు సద్దుమణిగేదాకా అంకమ్మరావు ఆగాడు.

"ఏడు కాయలకే తోటంతా ఇట్లా అయింది. నిన్న ఇదే పొయ్యి. ఇదే గాలి. కాఫీ పొగ మీ ఆడవాళ్ల కళ్లకి తగిలింది. ఏడు మిరపకాయల ఘాటు మాత్రం మూడువందల మందిలో ఒక్కరికీ తగల్లేదు."

"నిన్న దిష్టి ఉంది నాయనా, ఇవాళ లేదు" అంది సుబ్బరావమ్మ. చాలా మామూలుగా అంది.

బాపయ్య అవునన్నట్టు తల ఊపాడు కూడా!

"అదేనమ్మా మీ ధైర్యం" అన్నాడు అంకమ్మరావు. "వేరే ఊళ్లో అయితే మిరపకాయలు కాల్చానంటే ఘాటేదీ అని అడిగేవాళ్లు. ఇక్కడ ఘాటు రాలేదంటే 'అమ్మో దిష్టి' అని దణ్ణం పెడతారు. మూడువందల మంది పెట్టారు. మధ్యాహ్నం నేనూ తల ఊపాను. మిరపకాయలు కాలలేదేమోనని ఒక్కరికీ తోచలేదు."

కాగితం పొట్లం విప్పి బల్ల మీద పరిచాడు. ఉబ్బిన కాయలు ఏడు.

"ఇవి స్టోరు గది పక్క బావిలో దొరికాయి. తొడిమలతో. మీరు నిన్న పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. కాయలు గుప్పిట్లో పట్టుకుని బంగళా వెనక్కి వెళ్లారు. ఘాటు లేస్తే జనం తుమ్ముతారు, డోళ్లు ఆగిపోతాయి. డోళ్లు ఆగితే దెబ్బ వినపడుతుంది. అందుకే కాల్చలేదు. పని ముగిశాక కాయలు చేతిలో మిగిలాయి. మామూలు కాయలైతే ఇంటికి తీసుకుపోయి డబ్బాలో పోసేవాళ్లు. దిష్టి తీసిన కాయల్ని గడప దాటించడానికి మీ చెయ్యి రాలేదు. బావిలో వేశారు. ఎండు మిరపకాయ మునగదమ్మా."

"నాకూ ఆయనకీ ఏం పగ?" అంది సుబ్బరావమ్మ. "నాలుగు కాయలు నీళ్లలో తేలితే నేను హంతకురాలినా?"

రంగనాయకులు ఇబ్బందిగా కదిలాడు. "సార్, ఆవిడ..."

"రంగనాయకులూ, నీది వ్యవసాయ కుటుంబమేనా?"

"అవును సార్."

"నల్లరేగట్లో వానాకాలం గొయ్యి తవ్వుతావా?"

"బంకమట్టి సార్. పార దిగితే రాదు."

"ఆ సంగతి సేద్యం చేసే ఆవిడకి తెలియదా? అయినా వానలు పడ్డాక తవ్వుకోండని అడిగింది. తవ్వకం జరిగేది ఎండాకాలంలో. ఎండాకాలం మొత్తం ఇక్కడ కచేరీలు. మొక్కలకి నీళ్లు లేవు. మొక్కే లేని వేదిక కిందికి మాత్రం రోజూ నీళ్లు. ఎందుకు? ఎండితే రేగడి నెర్రెలిస్తుంది. మూరన్నర లోతు. నెర్రెలోంచి ఏం కనపడకూడదు, సుబ్బరావమ్మ గారూ?"

సుబ్బరావమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. చూపు వేదిక బల్లల మీదికి పోయింది. మళ్లించుకోవాలని చూసింది కానీ చేతకాలేదు.

"వేదిక తీయండి. తవ్వండి" అన్నాడు అంకమ్మరావు.

నలుగురు కూలీలు బల్లలు లాగారు. మొదటి గునపం తడినేలలో దిగింది. రెండోది. మూడోది.

"ఆపండి!"

ఆమె లేచి నిలబడింది.

"మెల్లిగా తవ్వమను. అక్కడే ఉన్నాడాయన."

బాపయ్య కుర్చీ వెనక్కి పడింది. "ఎవరమ్మా?"

"కాశీ పోయినాయన." ఆమె పొడిగా నవ్వింది. "పదమూడేళ్లయింది. కుంటివాడొకడు కాపలా ఉండేవాడప్పట్లో, వాడికి కూడా తెలియదు. నేనే తవ్వా. నేనే పూడ్చా. బంగళా అమ్మితే కొన్నవాడు పునాదులు తీస్తాడు. సర్కారుకిస్తే ముట్టుకోరనుకున్నా. నేనున్నన్నాళ్లూ తోటంతా తడిపించా, సర్కారు చేతికి పోయిన మొదటి ఎండాకాలమే నేల పగిలింది. చెయ్యి పట్టేంత నెర్రె. పొద్దున పూలకని వచ్చి లోపలికి చూశా. ఆయన కిర్రుచెప్పు కొన కనపడింది. ఆ రోజు నుంచీ నీళ్లు పోయిస్తూనే ఉన్నా. ఆ మీదట కచేరీలు. మనుషులు పైన కూర్చుంటే ఎవడూ తవ్వడుగా."

"వేదాద్రి?"

ఆమె గొంతు మొదటిసారి పగిలింది. "ఎంత బతిమాలాను! ఒక్క వానాకాలం ఆగు నాయనా అన్నా. ఎక్కడికన్నా మార్చేసుకుందామనుకున్నా. సోమవారమే అన్నాడు. బంగారంలాంటి మనిషి. వెనకనుంచి కొట్టా, ముఖం చూస్తే చెయ్యి లేవదని."

రంగనాయకులు సిలార్ బేడీలు విప్పాడు. తాళంచెవి రెండుసార్లు జారింది వాడి చేతిలోంచి. జైనాబీ అక్కడే నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నాలుగూ యాభైకి గొయ్యిలోంచి మొదటి ఎముక బయటపడింది. ఆ పక్కనే తోలు కుళ్లిన చెప్పు ఒకటి.

సుబ్బరావమ్మకి బేడీలు వేయించాల్సి వచ్చింది. కానిస్టేబులు గాజులు పైకి జరిపాడు. జరిపి, అట్లాగే నిలబడిపోయాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా గుండ్రటి మచ్చలు. పాతవి. చుట్టతో కాల్చిన మచ్చలు. లెక్కపెట్టడానికి వీల్లేనన్ని.

ఆమె గాజులు మళ్లీ కిందికి లాక్కుంది.

జీపు ఎక్కబోతుంటే సిలార్ అడ్డం వచ్చాడు. కోపమో దుఃఖమో ఆయనకే తెలిసినట్టు లేదు.

"అమ్మగారూ! మీ పెళ్లికి మా నాయన ఊదాడు. అయిదు రోజులు. మీ చేతి అన్నం తిని పెరిగినవాణ్ణి నేను. నన్ను ఉరికి పంపడానికి ఎట్టా మనసొప్పింది?"

సుబ్బరావమ్మ ఆయన వంక చూసింది.

"మీ నాయన అయిదు రోజులు ఊది పోయాడు సిలారూ" అంది. "కాపురం చేసింది నేను."

సిలార్ దారి వదిలాడు. ఆమె లోపలికెక్కి కూర్చుంది. జీపు తలుపు అంకమ్మరావు తనే వేశాడు.